నటుడిగా ఎలా మొదలుపెట్టాలి, పని లేని రోజుల్లో ఎలా నిలబడాలి

నటన మీదే బతకాలని నిర్ణయించుకున్నవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఎవరిని కలవాలి?" అని. నన్నడిగితే అది చాలా తర్వాత రావాల్సిన ప్రశ్న. ఎవరినో ఒకరిని కలవడం అంత కష్టమేమీ కాదు. కలిసిన రోజు వాళ్ళ ముందు రెండు నిమిషాలు చేసి చూపించడానికి మీ దగ్గర ఏముంది, ఆ తర్వాత నెలల తరబడి ఫోన్ రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది, ముందు ఈ రెండిటికీ జవాబు కావాలి. వేషం ఎవరికివ్వాలన్నది ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. వేషం వచ్చేసరికి సిద్ధంగా ఉండటం, వచ్చేదాకా నిలబడగలగడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. కింద రాసిందంతా వాటి గురించే. వరసగా రాశాను కానీ వరసగానే చేయాలని లేదు, కొన్ని పనులు పక్కపక్కనే నడుస్తాయి.

మొదటి పని: డబ్బు లెక్క తేల్చుకోండి

ఉన్న ఉద్యోగం మానేసి దిగిపోతేనే కసి ఉన్నట్టు అని కొందరు చెప్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. అద్దె కట్టాల్సిన తేదీ తరుముతుంటే ఆ టెన్షన్ ఆడిషన్‌లో మొహం మీద కనిపిస్తుంది, "ఈ వేషం నాకు రావాల్సిందే" అనే ఆత్రం పాత్రని మింగేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. చేతిలో నాలుగు డబ్బులు లేనివాళ్ళు దేనికైనా సరే అనాల్సి వస్తుంది. "ఈ షరతులకి నేను చేయను" అనగలిగే ధైర్యంలో సగం గుండెలోంచి వస్తుంది, మిగతా సగం బ్యాంకు ఖాతాలోంచి వస్తుంది.

కాగితం తీసుకుని నెల ఖర్చు రాయండి. అద్దె, తిండి, ఫోన్, ప్రయాణాలు, ఇంటికి పంపాల్సింది. దానికి క్లాసులు, ఫొటోలు, ఆడిషన్లకి తిరిగే ఖర్చు కలపండి. కనీసం ఆరు నెలలకి సరిపడా పక్కన పెట్టుకోగలిగితే మంచిది. పెట్టుకోలేకపోతే, వేళలు అటూ ఇటూ జరుపుకోవడానికి వీలున్న పని వెతుక్కోండి. జీతం కాస్త తక్కువైనా, రేపు ఆడిషన్ ఉందని ఈ రాత్రి చెప్తే సెలవు దొరికే పని మనకి విలువైనది. ట్యూషన్లు చెప్పడం, అనువాదాలు, ఎడిటింగ్, యాంకరింగ్, డబ్బింగ్, డ్రైవింగ్, ఏదైనా సరే. ఇది చిన్నతనం కాదు. హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ చిన్నా చితకా వేషాలతో ఇల్లు గడవక వడ్రంగం నేర్చుకుని ఏళ్ళ తరబడి ఆ పనితోనే కుటుంబాన్ని పోషించాడు. బ్రిటిష్ నటుడు అలన్ రిక్‌మన్ గ్రాఫిక్ డిజైనర్‌గా బతుకుతూ ఆ పని వదిలి లండన్‌లోని రాడా అనే నటన స్కూల్లో చేరేటప్పటికి ఆయన వయసు 26, అక్కడ చదువుకుంటూ పెద్ద నటులకి దుస్తులు అందించే డ్రెస్సర్‌గా కూడా పనిచేశాడు, మొదటి సినిమా విడుదలైన 1988 నాటికి 42 ఏళ్ళు. ఆ మధ్య కాలమంతా ఆయన ఊరికే కూర్చోలేదు, నాటకాలు వేస్తూనే ఉన్నాడు. మనం చూడాల్సింది అది.

ఇంట్లోవాళ్ళతో కూడా ఈ లెక్కే మాట్లాడండి. "నా మీద నమ్మకం లేదా" అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది. ఎన్నాళ్ళు ప్రయత్నిస్తాను, ఈలోగా డబ్బు ఎక్కడ్నుంచి వస్తుంది, మీ మీద ఏ భారం పడదు, ఏది పడుతుంది అని నిజం చెప్పండి. భయపడే తల్లిదండ్రులకి మన కలల కంటే మన అద్దె సంగతి తెలిస్తే ఎక్కువ ఊరట.

రెండో పని: నేర్చుకోండి, అదీ రోజూ

"నటన నేర్పిస్తే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి" అనే మాట మీద నాకు కోపం. గొంతు, ఊపిరి, శరీరం, ఎదుటివాళ్ళ మాట వినడం, రాసిన మాటని అప్పుడే పుట్టినట్టు పలకడం, ఇవన్నీ సాధనతో వస్తాయి. వచ్చింది కూడా మానేస్తే పోతుంది.

మాస్కో ఆర్ట్ థియేటర్‌ని 1898లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటులకి ఇచ్చినవాటిలో రెండు ప్రశ్నలు ఇప్పటికీ మొదటి రోజు నుంచీ పనికొస్తాయి. ఈ పాత్ర ఏ పరిస్థితిలో ఉంది? ఈ క్షణంలో దానికి ఎదుటి మనిషి నుంచి ఏం కావాలి? "కోపంగా చెప్పు", "బాధగా చెప్పు" అంటే శరీరానికి ఏం చేయాలో తెలియదు, కనుబొమలు ముడేసి గొంతు పెంచేస్తుంది అంతే. "అతను క్షమాపణ చెప్పేదాకా గదిలోంచి పోనివ్వకు" అంటే చేయడానికి ఒక పని దొరికింది. కోపం దానంతటదే వస్తుంది, రాకపోయినా సీన్ నడుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఏడవాల్సిన సీన్ వస్తే మీ సొంత జీవితంలో జరిగిన చావునో అవమానాన్నో తవ్వుకోమని చెప్పే పద్ధతి ఒకటుంది. అమెరికాలో నటన నేర్పిన లీ స్ట్రాస్‌బర్గ్ దాన్ని బాగా ముందుకు తెచ్చాడు. ఆయనతో పాటే పనిచేసిన నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో స్టానిస్లావ్‌స్కీనే స్వయంగా కలిసి, కొన్ని వారాలు ఆయన దగ్గర పనిచేసి వచ్చి, సొంత జ్ఞాపకాల కంటే పాత్ర పరిస్థితినీ ఊహనీ నమ్ముకోవాలని వాదించింది. ఇద్దరి దగ్గరా గొప్ప నటులు తయారయ్యారు, కాబట్టి ఇది ఒక్క మాటలో తేలేది కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం నేను ఆడ్లర్ వైపే చూపిస్తాను. మానని గాయాన్ని రోజుకి పది టేకుల కోసం గోకితే కన్నీళ్ళు వస్తాయేమో గానీ ఆ రాత్రి నిద్ర రాదు, నాలుగో టేకుకి ఆ జ్ఞాపకం కూడా మొద్దుబారిపోతుంది.

ఇంట్లో చేయగలిగే రెండు సాధనలు. మొదటిది శాన్‌ఫర్డ్ మైస్నర్ అనే అమెరికన్ నటన గురువు నేర్పింది. స్నేహితుడిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అతనిలో మీకు కనిపించింది ఒకటి చెప్పండి, "నువ్వు చొక్కా గుండీ పట్టుకున్నావు" అని. అతను "నేను చొక్కా గుండీ పట్టుకున్నాను" అంటాడు. మీరు మళ్ళీ అదే మాట, అతను మళ్ళీ అదే. మొదట నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది, ఆ విసుగు గొంతులో వినపడుతుంది, అతను అది పట్టుకుని "నీకు విసుగొస్తోంది" అంటాడు, అక్కడ్నుంచి మాట మారుతుంది. మాటలో ఏమీ లేకపోయినా ఇద్దరి మధ్య ఏదో నడుస్తోందని మీకే తెలుస్తుంది. కెమెరా ముందు మనకి కావాల్సింది అదే, ఎదుటివాళ్ళని నిజంగా చూడటం. రెండోది నటి, నటన గురువు ఊటా హాగెన్ పద్ధతిలోది, ఒంటరిగా చేసేది. రోజూ చేసే ఒక పని, ఇంటి తాళం కనిపించక వెతుక్కోవడం లాంటిది, రెండు నిమిషాలు చేయండి. ఎక్కడ్నుంచి వచ్చారు, ఎక్కడికి ఆలస్యమవుతోంది, తాళం చివరిసారి ఎక్కడ చూశారు అన్నీ అనుకుని చేసి ఫోన్‌లో రికార్డు చేసి చూడండి. ఎక్కడ నిజంగా వెతుకుతున్నారో, ఎక్కడ వెతుకుతున్నట్టు నటిస్తున్నారో మీ కంటికే దొరికిపోతుంది.

వీటికి తోడు రోజూ కాసేపు పైకి చదవడం, ఊపిరి సాధన, ఏదైనా ఒక శారీరక విద్య.

క్లాసులో చేరాలనుకుంటే ఫీజు కట్టే ముందు ఒక క్లాసు కూర్చుని చూస్తానని అడగండి. ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరూ లేచి ఎన్నిసార్లు చేశారు, తప్పు చేసినవాళ్ళతో మాస్టారు ఎలా మాట్లాడారు, ఈ మూడూ గమనించండి. మూడు గంటల్లో ఒక్కసారి కూడా లేవనివ్వని క్లాసు ఉపన్యాసం, శిక్షణ కాదు. అందరి ముందు అవమానించి ఏడిపించడమే శిక్షణ అనుకునేవాళ్ళ దగ్గర ఉండక్కర్లేదు. "కోర్సు అయ్యాక అవకాశం గ్యారంటీ" అన్నవాళ్ళ దగ్గరైతే అసలు చేరొద్దు, ఆ గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్ళు ఈ రంగంలో ఎవరూ లేరు. దగ్గర్లో నాటక సమాజం ఏదైనా ఉంటే వెళ్ళండి, వేషం ఇవ్వకపోయినా తెర వెనక సామాన్లు సర్దే పనైనా చేయండి. ఒకే నాటకం రిహార్సల్ మొదటి రోజు నుంచి ప్రదర్శన దాకా ఎలా మారుతుందో దగ్గర్నుంచి చూడటం పెద్ద చదువు.

మూడో పని: ఫొటోలు, ప్రొఫైల్, షోరీల్

దీని మీద జనం పెట్టే ఖర్చు ఎక్కువ, అవసరం తక్కువ. ముఖం దగ్గర్నుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి, పక్కనుంచి ఒకటి, నవ్వుతూ ఒకటి, మామూలు బట్టల్లో, వెనక ఖాళీ గోడ, మొహం మీద మెత్తని వెలుతురు. ఫొటోలో ఉన్న మనిషే గదిలోకి రావాలి. చర్మాన్ని నున్నగా దిద్దేసి, మచ్చలు తుడిచేసి పంపితే మొదటి నిమిషంలోనే వాళ్ళకి నిరాశ. గడ్డం పెంచినా జుట్టు కత్తిరించినా ఫొటోలు మార్చండి.

ప్రొఫైల్‌లో ఎత్తు, వయసు ఎంత నుంచి ఎంతదాకా కనిపిస్తారో, మాట్లాడే భాషలు, యాసలు, నిజంగా వచ్చిన విద్యలు రాయండి. గుర్రపు స్వారీ వచ్చని రాసి సెట్లో గుర్రం ఎక్కలేకపోతే దెబ్బలు తగిలేది మీకే, షూటింగ్ ఆగేది అందరికీ. షోరీల్ (మీరు చేసిన సీన్ల ముక్కలు కలిపిన చిన్న వీడియో) రెండు నిమిషాలు దాటొద్దు, మీ మొహం మొదటి పది సెకన్లలోనే కనిపించాలి, పాటలూ గ్రాఫిక్సూ వద్దు. చూపించడానికి చేసిన పని ఏమీ లేకపోతే ఒకదానికొకటి పోలిక లేని రెండు చిన్న మోనోలాగ్‌లు (ఒక్కరే మాట్లాడే సీన్లు) బాగా తీసి పెట్టండి, లేదా షార్ట్ ఫిల్మ్‌లు తీసే విద్యార్థులతో కలవండి. వాళ్ళకి నటులు కావాలి, మీకు ఫుటేజ్ కావాలి. ఒప్పుకునేటప్పుడే "నా సీన్ల కాపీ ఇవ్వాలి" అని అడిగి పెట్టుకోండి, తర్వాత అడిగితే హార్డ్ డిస్కు పోయిందంటారు.

నాలుగో పని: ఆడిషన్

అసలు కష్టం ఇక్కడుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మీకు ఈ నాలుగు లైన్లు వచ్చాయనుకోండి.

ఆమె: నువ్వు వస్తావనుకోలేదు.
అతను: నేనూ అనుకోలేదు.
ఆమె: కూర్చో.
అతను: లేదు, వెళ్ళాలి.

ఇంతే ఇస్తారు చాలాసార్లు. కథ చెప్పరు. మీరు "అతను" చేయాలి. వెంటనే లైన్లు బట్టీ పట్టడం మొదలుపెట్టకండి. ముందు నిర్ణయాలు తీసుకోండి. వీళ్ళెవరు? అన్నాచెల్లెళ్ళు అనుకుందాం, ఆస్తి గొడవతో మూడేళ్ళుగా మాటల్లేవు. తలుపు దాటే ముందు నిమిషంలో అతను ఎక్కడున్నాడు? బయట బెల్ మీద వేలు పెట్టి, నొక్కకుండా నిలబడ్డాడు. లోపల ఏముంది? నాన్న మంచం మీదున్నాడు. అతనికి చెల్లెలి నుంచి ఏం కావాలి? "ఉండిపో అన్నయ్యా" అనే మాట. ఇప్పుడు చివరి లైన్ చూడండి. "లేదు, వెళ్ళాలి" అంటున్నాడు గానీ అతనికి కావాల్సింది ఆమె ఆపడం. అంటే ఆ మాట అంటూ అడుగు తలుపు వైపు పడదు. "కూర్చో" అనగానే చూపు ఒక్క క్షణం లోపలి గది వైపు పోతుంది, తర్వాత ఆమె వైపు వస్తుంది, అప్పుడు మాట. అక్కడ నటించడానికి ఏమీ లేదు, ఆమె ఆపుతుందా లేదా అని చూడటమే. ఇదే లైన్ అప్పు తీర్చడానికి వచ్చినవాడిగా చేస్తే పూర్తిగా వేరే మనిషి వస్తాడు. మీ నిర్ణయం అసలు కథకి సరిపోకపోవచ్చు, పర్వాలేదు, ఏదో ఒకటి తేల్చుకుని వచ్చిన నటుడు తెలిసిపోతాడు.

తర్వాత బట్టీ. ఏ భావమూ లేకుండా, రాగం లేకుండా, పని చేసుకుంటూ పలికి పలికి నోటికి ఎక్కించుకోండి. ఒకే రాగంతో నేర్చుకుంటే ఆ రాగం ఇక ఊడిరాదు, దర్శకుడు మార్చమంటే మారదు.

ఇప్పుడు మొదటి వడపోత ఎక్కువగా సెల్ఫ్ టేప్‌లతోనే, అంటే మనమే తీసుకుని పంపే వీడియోలతోనే జరుగుతోంది. ఫోన్ చాలు. ఇలా పెట్టుకోండి. ప్రత్యేకంగా నిలువుగా కావాలని అడగకపోతే ఫోన్ అడ్డంగా, వెనక కెమెరాతో, మీ కళ్ళ ఎత్తులో, కదలకుండా. ఫ్రేములో ఛాతీ నుంచి తల పైన కొద్దిగా ఖాళీ దాకా. కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. ఫ్యాన్ ఆపేయండి. దృశ్యం కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఆపేస్తారు. ఎదుటి పాత్ర లైన్లు చదివేవాళ్ళని కెమెరాకి ఆనుకుని, లెన్స్ పక్కనే నిలబెట్టండి. మీరు వాళ్ళ కళ్ళలోకి చూస్తే మీ రెండు కళ్ళూ కెమెరాకి కనిపించాలి, లెన్స్‌లోకి మాత్రం చూడొద్దు. వాళ్ళు కెమెరాకి దగ్గరగా ఉంటారు కాబట్టి గొంతు తగ్గించి చదవాలి, లేకపోతే మీ టేపులో వాళ్ళే హీరో. పేరు, ఎత్తు, ఊరు చెప్పే పరిచయం మాత్రం లెన్స్‌లోకి చూస్తూ, మామూలుగా, మీరు మీరుగా. వాళ్ళు ఫైలు పేరు ఎలా పెట్టమన్నారో అలాగే పెట్టండి, గడువు చివరి గంటదాకా ఆగొద్దు. ముప్పై టేకులు తీసుకుంటూ కూర్చోకండి, నాలుగైదు దాటాక మెరుగవడం ఆగిపోయి భయం మొదలవుతుంది. ఒకటి పంపండి, అడిగితే రెండు.

గదిలో ఆడిషన్ అయితే త్వరగా వెళ్ళండి, బయట కూర్చున్న మిగతావాళ్ళని చూసి మీ నిర్ణయాలు మార్చుకోకండి. లోపలికి వెళ్ళాక ట్రాఫిక్ గురించీ గొంతు బాగాలేకపోవడం గురించీ సంజాయిషీలు వద్దు. చేసిన తర్వాత "ఇప్పుడు ఇంకోలా చేయండి, అతనికి ఆమె మీద కోపమేమీ లేదనుకోండి" అంటే సంతోషించండి. మొదటిది బాగాలేదని కాదు దాని అర్థం, వాళ్ళు చెప్పింది విని మీరు మారగలరా అని చూస్తున్నారు. అప్పుడు చేసేది నిజంగా వేరేగా ఉండాలి, అదే దాన్ని కాస్త మెల్లగా చెప్పడం కాదు. అయిపోయాక "బాగా చేశానా?" అని అడక్కండి. నమస్కారం పెట్టి బయటికి రండి.

ఐదో పని: రాని ఫోన్‌తో బతకడం నేర్చుకోండి

"మీరు ఎంపిక కాలేదు" అని చెప్పేవాళ్ళు కూడా తక్కువ. ఎక్కువసార్లు ఏమీ చెప్పరు. ఇది చాలామందిని లోపల తినేస్తుంది, నాకు దీని గురించే ఎక్కువ బాధ. కాస్టింగ్, అంటే పాత్రలకి నటుల్ని ఎంచుకోవడం, ఎలా జరుగుతుందో తెలిస్తే కొంత తేలికవుతుంది. హీరోయిన్ కంటే మీరు పొట్టిగా ఉండొచ్చు. ఆమె అన్నయ్య పాత్రకి మీ ముక్కు ఆమె ముక్కుతో కలవకపోవచ్చు. అదే తేదీల్లో ఇంకొకరు ఖాళీగా దొరికి ఉండొచ్చు. ఆ పాత్రనే స్క్రిప్టులోంచి తీసేసి ఉండొచ్చు. వీటిలో దేనికీ మీ నటనతో సంబంధం లేదు, కానీ ఇంట్లో కూర్చున్న మనకి "నేను పనికిరాను" అనే ఒక్క మాటే వినపడుతుంది.

అమెరికన్ నటుడు బ్రయన్ క్రాన్‌స్టన్ ఇంటర్వ్యూల్లో ఒక మాట చెప్తుంటాడు, ఆడిషన్‌కి ఉద్యోగం అడగడానికి కాకుండా ఒక పని చేసి పెట్టడానికి వెళ్తున్నానని అనుకోవడం మొదలుపెట్టాక తనకి చాలా మారిందని. దాన్ని ఆచరణలోకి తేవాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి ఆడిషన్ తర్వాత తేదీ, పాత్ర, ఎవరు తీశారు, మీరు తీసుకున్న నిర్ణయమేంటి, ఏది పనిచేసింది, ఏది తేలిపోయింది రాయండి. వేషం వచ్చిందా లేదా అనే గడి అందులో వద్దు. రాసి మూసేశాక ఆ ఆడిషన్ అయిపోయినట్టే. ఫాలో అప్ మెసేజ్ ఒకసారి సరే, మూడోసారి పెడితే చిరాకు.

ఇంకో మాట. ఈ దారిలో నడిచే ఇద్దరు ముగ్గురు స్నేహితులుండాలి, సీన్లు చదువుకోవడానికి, ఒకరి టేపు ఒకరు తీయడానికి. వాళ్ళలో ఒకరికి వేషం వస్తే కడుపు మండుతుంది, అది మామూలే, ఫోన్ చేసి అభినందించండి, మర్నాడు కలిసి పని చేయండి. నిద్ర పట్టకపోవడం, లేవాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం స్నేహితులతో ఆగకుండా కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్ళండి.

ఆరో పని: మోసాన్ని వాసన పట్టండి

సూత్రం చాలా చిన్నది. ఈ రంగంలో డబ్బు నటుడి వైపు రావాలి, నటుడి నుంచి పోకూడదు. కాస్టింగ్ చేసేవాళ్ళకి జీతమిచ్చేది నిర్మాత. ఏజెంటు తన వాటా తీసుకునేది మీకు పని ఇప్పించి డబ్బు వచ్చాక. కాబట్టి రిజిస్ట్రేషన్ ఫీజు, ఆడిషన్ ఫీజు, కార్డు ఫీజు, "మీరు సెలెక్టయ్యారు, కాస్ట్యూమ్ డిపాజిట్ కట్టండి", "మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి" అనేవన్నీ ఒకే మోసానికి రకరకాల పేర్లు. పెద్ద కంపెనీ పేరు చెప్పి మెసేజ్ పెడితే ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి, వాళ్ళిచ్చిన నంబరుకి కాదు.

డబ్బు కంటే భయపడాల్సింది ఇంకొకటి. రాత్రి వేళ, హోటల్ గదికి, ఇంటికి, ఒంటరిగా రమ్మంటే అది ఆడిషన్ కాదు. అమెరికాలో నటుల సంఘం సాగ్-ఆఫ్ట్రా 2018లో జారీ చేసిన మొదటి మార్గదర్శకమే ఇది: హోటల్ గదుల్లో, సొంత ఇళ్ళల్లో ఆడిషన్లు పెట్టొద్దు అని. మీకు అడిగే హక్కుంది. ఎక్కడ, ఎవరెవరు ఉంటారు, ఏ సీను, ముందుగా పంపుతారా, తోడు ఒకరిని తీసుకురావచ్చా. ఈ ప్రశ్నలకి విసుక్కునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వెళ్ళే ప్రతి చోటూ ఇంట్లోనో స్నేహితులకో చెప్పి, లొకేషన్ పంపి వెళ్ళండి. మొదటి ఆడిషన్‌లోనే బట్టలు తీయమన్నా, ఒళ్ళు తాకాలన్నా కారణాలేమీ చెప్పక్కర్లేదు, లేచి వచ్చేయండి. మెసేజ్‌లు తుడిచేయకుండా దాచండి. ఇది ఆడవాళ్ళకి మాత్రమే చెప్తున్న మాట కాదు, మగపిల్లలకీ ఇవే జరుగుతాయి, వాళ్ళు చెప్పుకోవడం తక్కువ, అంతే.

ఏడో పని: వేషం వచ్చాక

ముందు కాగితం. ఎన్ని రోజులు, రోజుకెంత, ఎప్పుడు చెల్లిస్తారు, షూటింగ్ పెరిగితే ఎలా, డబ్బింగ్ మీరే చెప్తారా, మీ బొమ్మని ప్రచారానికి ఎక్కడెక్కడ వాడతారు. చిన్న వేషమైనా ఇవి ఒక మెసేజ్‌లోనైనా రాసి ఉండాలి. ఇప్పుడు ఇంకో అంశం చేరింది. మీ మొహాన్నీ గొంతునీ స్కాన్ చేసి కంప్యూటర్‌తో మళ్ళీ మళ్ళీ వాడుకునే వీలుంది. 2023లో అమెరికా నటులు 118 రోజులు సమ్మె చేసిన పెద్ద కారణాల్లో ఇదొకటి, నటుడి అనుమతి, దానికి డబ్బు లేకుండా అలా వాడకూడదని. కాబట్టి "అన్ని మాధ్యమాల్లో, ఎప్పటికీ, ఏ రూపంలోనైనా" అనే వాక్యం కనిపిస్తే సంతకానికి ముందు తెలిసినవాళ్ళకి చూపించండి. ముద్దు సీన్లు, పడక సీన్లు ఉంటే ఏం చూపిస్తారో, సెట్లో ఎవరుంటారో ముందే రాతలో ఉండాలి, ఇంటిమసీ కోఆర్డినేటర్ (అలాంటి సీన్లలో నటుల హద్దులు దాటకుండా చూసేవాళ్ళు) ఉంటారా అని అడగండి. ఒప్పుకున్నదానికి మించి సెట్లో అడిగితే కాదనే హక్కు మీది.

సెట్‌లోకి వెళ్ళాక నాటకం నుంచి వచ్చినవాళ్ళు తడబడే చోట్లు కొన్నున్నాయి. నేల మీద టేపుతో ఒక మార్కు వేస్తారు, మీరు నడిచొచ్చి సరిగ్గా అక్కడ ఆగాలి, కిందకి చూడకూడదు. ఎందుకంటే ఫోకస్, లైటు ఆ చోటుకే కట్టారు. చిట్కా ఏంటంటే, మార్కు మీద నిలబడి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకోండి, అన్నే అడుగులు ముందుకి. తర్వాత కంటిన్యూటీ. దూరం షాట్‌లో ఏ మాట దగ్గర కుర్చీ మీద చేయి వేశారో, క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర వేయాలి, లేకపోతే ఎడిటింగ్‌లో రెండూ అతకవు, మీరు బాగా చేసిన టేకు వాడలేకపోతారు. మొదటి టేకులోనే చేతులతో ఎక్కువ పనులు పెట్టుకుంటే అవన్నీ పది సార్లు గుర్తుపెట్టుకోవాల్సింది మీరే. క్లోజప్‌లో గొంతు తగ్గించండి, ఆలోచన తగ్గించకండి. కెమెరా ఎదుటి నటుడి మీద ఉన్నప్పుడు కూడా మీ లైన్లు అంతే నిజంగా ఇవ్వండి, దాన్ని తోటి నటులు మర్చిపోరు.

సెట్‌లో ఎక్కువ భాగం ఎదురుచూపే. పొద్దున్న వేసిన మేకప్‌తో సాయంత్రందాకా కూర్చుని, ఒక్కసారిగా "షాట్ రెడీ" అనగానే ఆ నిమిషానికి మనసు సిద్ధంగా ఉండాలి. శక్తి దాచుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అసిస్టెంట్ డైరెక్టర్ల పేర్లు తెలుసుకోండి, పిలవగానే దొరకండి.

ఎనిమిదో పని: ఏడాదికోసారి లెక్క చూడండి

పుట్టినరోజు కాకుండా వేరే ఒక రోజు పెట్టుకోండి, పుట్టినరోజున మనసు మామూలుగా ఉండదు. నోట్‌బుక్ తెరిచి చూడండి. పోయినేడు కంటే ఆడిషన్‌కి పిలుపులు పెరిగాయా? రెండోసారి పిలిచినవాళ్ళున్నారా? ఒకసారి పనిచేసినవాళ్ళు మళ్ళీ పిలిచారా? పాత టేపుకీ కొత్త టేపుకీ తేడా మీకు కనిపిస్తోందా? అప్పు పెరిగిందా? వేషాలు రాకపోయినా రెండో పిలుపులు పెరుగుతుంటే దారి సరైనదే, ఇంకాస్త సమయమివ్వండి. పిలుపులే లేకపోతే ఫొటోలూ టేపులూ చూపించే తీరు మార్చాలి. పిలుపులొచ్చి అక్కడే ఆగిపోతుంటే మళ్ళీ క్లాసుకి వెళ్ళాలి. అప్పు పెరుగుతుంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ముందు దాన్ని ఆపండి, ఆర్నెల్లు పూర్తి కాలం ఉద్యోగం చేసినా సరే.

అలా విరామం తీసుకుంటే తెలిసిన కాస్టింగ్‌వాళ్ళకి "ఫలానా నెలదాకా అందుబాటులో ఉండను" అని ఒక్క మెసేజ్ పెట్టండి, ప్రొఫైల్ తీసేయకండి, వారానికొకసారైనా స్నేహితులతో సీన్ చదవడం ఆపకండి. తిరిగి మొదలుపెట్టే ముందు కొత్త ఫొటోలు, కొత్త టేపు.